ఎడమ చేతి ఓట్స్ బిస్కెట్లు

సెప్టెంబర్ 3

ఇది నా చేతిరాతే. ఎడమ చేయి.

సెప్టెంబర్ 4

నిన్నటి ఆ రెండు ముక్కలకూ పావుగంట పట్టింది. ఈ రోజు ఎక్కువ రాస్తాను.

జూలై ఇరవై రెండున నాకు పక్షవాతం వచ్చింది. ఆ మాట ఒత్తుతో సహా రాశాను. ఒత్తు పక్కకు జారిపోయింది గాని చదవడానికి వీలుగానే ఉంది. నా దగ్గర చదివే పిల్లలెవరైనా ఇట్లా రాస్తే పదిసార్లు మళ్లీ రాయించేదాన్ని. ఇరవై ఆరేళ్లుగా చెబుతున్నది తెలుగే మరి.

మాట బాగుపడింది. కాలు నడుస్తోంది, కొంచెం ఈడుస్తుంది. కుడి చేయి ఇంకా రాలేదు. ఫిజియోథెరపీ చేసే ఇమ్మానుయేల్ రోజూ ఎడమ చేత్తో నాలుగు మాటలు రాయమన్నాడు. ఏం రాయాలని అడిగితే, ఎవరికీ చూపించనివి రాయమన్నాడు.

కుడి చూపుడువేలు ఈ రోజు కాస్త కదిలింది.

సెప్టెంబర్ 5

గురుపూజా దినోత్సవం. ఫోను పొద్దుటి నుంచి మోగుతూనే ఉంది. మా బడిలో లెక్కలు చెప్పే స్రవంతి ఫోన్ చేసి, చంద్రగిరి బస్సులో నా సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదని చెప్పింది. నవ్వాను. నవ్వితే ఇప్పుడు నోరు వంకర పోవడం లేదు.

తర్వాత అత్తమ్మ జావ తెచ్చింది. ఓట్స్ జావ, ఉప్పు లేదు. గోడలకు పోస్టర్లు అంటించే మైదాలాగా ఉంటుంది. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ రోజూ అదే. స్పూనుతో నా నోట్లో తనే పెడుతుంది. నా ఎడమ చేయి నిక్షేపంగా ఉందని ఆమెకు తెలుసు. కానీ ఈ ఇంట్లో ఎడమ చేయి తిండికి తగలకూడదు. డెబ్బై ఆరేళ్ల మనిషి, వంగి పెడుతుంటే ఆమె చేయే వణుకుతుంది. మింగుతాను.

సెప్టెంబర్ 8

కాఫీ కలుపుకుందామని వంటింట్లోకి వెళ్లాను. పాలగిన్నె జారింది. కాలలేదు. పాలు పోయాయి, అంతే. అత్తమ్మ తనే తుడిచి, ఇకమీదట వంటింట్లోకి రావద్దని చెప్పింది. ఆయన అంగడి నుంచి రాగానే ఆయనకూ చెప్పింది. ఆయన కూడా అదే మంచిదన్నాడు.

నా మీద ప్రేమతోనే.

వేలు కదిలింది.

సెప్టెంబర్ 11

ఎడమ చేతికి బలం రావాలంటే పిండి పిసకమన్నాడు ఇమ్మానుయేల్. నాకు వంటిల్లు లేదని చెప్పాను. పొయ్యి అక్కర్లేని వంట చెయ్యండి మేడం అన్నాడు.

అతను వెళ్లాక అలమర తెరిచాను. పదకొండు ఓట్స్ ప్యాకెట్లు. నన్ను చూడటానికి వచ్చిన చుట్టాలందరూ అవే తెచ్చారు. వెనకటికి రోగికి హార్లిక్స్ తెచ్చేవాళ్లు, అదైనా తియ్యగా ఉండేది. ఇన్ని ప్యాకెట్ల జావ తాగి బతకడం కన్నా ఇంకేదైనా చెయ్యాలి.

బీరువా మీద పాత చీరలో చుట్టిన ఓవెన్ ఉంది. ఆరేళ్ల కింద నేనే కొన్నాను. అందులో కోడిగుడ్ల కేకులు చేస్తారని ఎవరో చెప్పినప్పటి నుంచీ అత్తమ్మ దాన్ని కిందికి దించనివ్వలేదు. ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న మావాడు కిరణ్ స్టడీ హాలుకు పోబోతుంటే ఆపి దింపించాను. ఎక్కడ పెట్టాలి మా అన్నాడు. వంటింట్లోకి కదా రావద్దన్నారు. వెనక వరండాలో, వాషింగ్ మిషన్ ప్లగ్గు దగ్గర పెట్టించాను.

సెప్టెంబర్ 12

ఫోన్లో ఒకామె ఓట్స్ కుకీలు చేసి చూపిస్తుంది. రెండు చేతులున్న మనిషి. ఆమె ఐదు నిమిషాల్లో చేసింది నాకు రెండు గంటలు పట్టింది.

ఓట్స్ రెండు గ్లాసులు, గోధుమపిండి ఒకటి, బెల్లం ఒకటి, నెయ్యి అర గ్లాసు, ఏలక్కాయ, చిటికెడు సోడా. గుడ్డు లేదు, అత్తమ్మ వచ్చి వాసన చూసుకోవచ్చు. నెయ్యి తగ్గించమన్నాడు డాక్టరు. చప్పిడి తిండి తిని కూడా మనిషి చస్తాడని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

గిన్నె తిరిగిపోతుంది. కలుపుతుంటే నాతో పాటే చుట్టూ తిరుగుతుంది. కింద తడిగుడ్డ వేశాను. కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి గిన్నె అంచు మీద పెట్టాను. ఏ పనీ చేయకపోయినా బరువుంది కదా. గిన్నె ఆగింది.

ఒంటిచేత్తో బెల్లం తురమడం కుదరలేదు. పాలల్లో కరిగించి పోశాను. ఓవెన్లో పెట్టిన పన్నెండు ఉండలూ కరిగి, కలిసి, పళ్లెమంతా ఒకే చాప అయ్యాయి.

చాపను విరిచి తిన్నాను. బాగానే ఉంది.

సెప్టెంబర్ 13

బెల్లాన్ని గుడ్డలో మూటగట్టి రోకలితో కొట్టాను. ఏం శబ్దమని అత్తమ్మ లోపలి నుంచి అడిగింది. బెల్లమన్నాను. కొట్టాల్సిన దానికన్నా ఇంకాసేపు కొట్టాను.

ఈసారి విడివిడిగానే వచ్చాయి. తీసి చూస్తే మెత్తగా ఉన్నాయి, ఉడకలేదనుకుని మళ్లీ పది నిమిషాలు పెట్టాను. రాళ్లయ్యాయి. మూడు తిన్నాను. పన్ను ఒకటి నొప్పిగా ఉంది. వేలు కదిలింది.

సెప్టెంబర్ 16

వచ్చాయి.

ఓవెన్లో నుంచి తీసినప్పుడు మెత్తగానే ఉండాలి. బయట చల్లారుతూ గట్టిపడతాయి. తెలుసుకోవాల్సింది అంతే. పదిహేను నిమిషాలు. అంచులు ఎర్రబడగానే తీసేయాలి, నడుమ సంగతి పట్టించుకోకూడదు. వేయించిన శెనక్కాయ పప్పులు కూడా వేశాను. ఇరవై రెండు వచ్చాయి. ప్రతిదాని మీదా నా నాలుగు వేళ్ల అచ్చులు ఉన్నాయి.

పళ్లెంలో పెట్టి అత్తమ్మ ముందుకు తీసుకెళ్లాను. ఆమె చేతులు ఒళ్లోనే పెట్టుకుంది.

“ఎడం చేత్తో పిసికింది నోట్లో ఎట్ల పెట్టుకునేది మోహనా? కుడి చెయ్యి రానీ. అప్పుడు పది తింటా.”

ఆయన ఒకటి తీసుకుని టీవీ పక్కన పెట్టాడు, తర్వాత తింటానని. రాత్రి పడుకోబోతూ చూస్తే దానికి చీమలు పట్టి ఉన్నాయి. చీమలకు ఎడమా కుడీ లేవు.

కిరణ్‌కు ఎనిమిది స్టీలు డబ్బాలో పెట్టిచ్చాను.

సెప్టెంబర్ 17

సూపర్ మా అన్నాడు కిరణ్. స్నేహితులు కూడా తిన్నారట. డబ్బా స్టడీ హాల్లోనే మర్చిపోయాడు. ఈ ఇంట్లో వాడొక్కడికి అర్థమైంది.

సెప్టెంబర్ 19

రాత్రి భోజనాల దగ్గర ఆయన చాలా నెమ్మదిగా మాట్లాడాడు. ఇంకా పదకొండేళ్ల సర్వీసు ఉంది, బస్సులో పోయి రావడం, పిల్లలతో అరవడం, ఇవన్నీ నీకెందుకు అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు నా గురించి ఇంతసేపు మాట్లాడటం ఇదే. సెలవు పొడిగించడానికి ఏదో కాగితం ఇవ్వాలట, పండగ వెళ్లాక తెస్తానన్నాడు. సంతకానికి అవస్థ పడొద్దు, వేలిముద్ర చాలన్నాడు.

సెలవు కాగితానికి వేలిముద్ర ఎందుకో తెలియలేదు. పద్ధతులు మారి ఉంటాయి.

వేలు కదిలింది. బాగానే కదిలింది.

సెప్టెంబర్ 22

దసరా బొమ్మల కొలువు పెట్టారు. ఏడు మెట్లు. ఏటా నేనే బొమ్మలు సర్దేదాన్ని. ఈ ఏడు అత్తమ్మ, పక్కింటి వాళ్లు కలిసి సర్దారు. పేరంటానికి వచ్చే వాళ్లకు నేను పసుపు కుంకుమ ఇవ్వలేను కనుక గదిలోనే ఉండి విశ్రాంతి తీసుకోమన్నారు.

సెప్టెంబర్ 25

పొద్దున ఒక వాయి చేశాను. ఎవరి కోసమని కాదు. చేతికి అలవాటైంది.

సాయంత్రం హాల్లో మాటలు వినిపిస్తున్నాయి. స్రవంతి గొంతు వినిపించింది, మోహన మేడం యాడ అని. పడుకోనుండాది అంది అత్తమ్మ. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. మెలకువగా, జడ వేసుకుని. ఒంటిచేత్తో జడ వేసుకోవడానికి ముప్పావుగంట పట్టింది. అది ఎవరికీ చూపించకుండా పడుకోవడమా?

లేచి వరండాలోకి వెళ్లి పళ్లెం తీసుకుని హాల్లోకి వచ్చాను. చాప మీద నలుగురున్నారు. నా కాలు ఈడుస్తున్న చప్పుడు నాకే వినిపించింది. ఎదురింటి ఆమె ముందు వంగి పళ్లెం పట్టాను, ఎడమ చేత్తో. ఆమె అత్తమ్మ వైపు చూసింది. అత్తమ్మ బొమ్మల వైపు చూసింది. ఒక్కపొద్దు ఉన్నానంది ఎదురింటామె, చేతిలో సగం తిన్న గుగ్గిళ్లు పెట్టుకుని. రెండో ఆమె కూడా ఒక్కపొద్దే. మూడో ఆమె అడగక ముందే తల అడ్డంగా ఊపింది. స్రవంతి రెండు తీసుకుంది. అక్కడే కొరికి, నమలుతూనే ఎట్లా చేశారని అడిగింది.

తర్వాత నా గదిలోకి వచ్చి కూర్చుంది. తలుపు వైపు ఒకసారి చూసి అంది:

“మేడం, మీరు ఉద్యోగం మానుకుంటాండారంట గదా. హెడ్మాస్టరు యోగానంద సారు మీ సర్వీసు బుక్కు బయటికి తీపిచ్చినాడు. ఆరోగ్యం బాగలేదని మిమ్మల్ని దింపి, మీ జాగాలో కిరణ్‌కు ఏందో ఒగటి ఇస్తారని అనుకుంటాండారు.”

అదేం లేదు, సెలవు పొడిగిస్తున్నానంతే అని చెప్పాను. గట్టిగానే చెప్పాను.

ఆమె వెళ్లాక మళ్లీ మళ్లీ చెప్పుకున్నాను. ఆయన అట్లాంటి మనిషి కాదు. ఒకవేళ ఆయన అనుకున్నా కిరణ్ ఒప్పుకోడు. వాడికి తెలియనే తెలియదు.

సెప్టెంబర్ 26

కిరణ్ స్నానానికి వెళ్లినప్పుడు వాడి సంచి తెరిచాను. డబ్బా కోసమే తెరిచాను.

డబ్బా ఉంది. ఎనిమిదీ అట్లాగే ఉన్నాయి.

డబ్బా కింద ఫైలు.

నా పేరు, నా హోదా, నా పుట్టిన తేదీ. వాడి డిగ్రీ జిరాక్సులు. ఒక దరఖాస్తు. ‘అనారోగ్య కారణముగా ఇకపై ఎట్టి విధులనూ నిర్వహింపజాలను గనుక నన్ను ఉద్యోగము నుండి తొలగించి, నా కుమారునకు అవకాశము ఇప్పించవలసినదిగా ప్రార్థన.’ వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు. కిందుగా పెన్సిలుతో చిన్న గడి గీసి, లోపల ‘వేలిముద్ర’ అని రాసి ఉంది.

దస్తూరి కిరణ్‌ది. ఆ గుండ్రటి అక్షరాలు వాడి చేయి పట్టుకుని నేను దిద్దించినవి. ఈ చేత్తో కాదు. ఆ చేత్తో.

సెప్టెంబర్ 27

కదలలేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఉదయమే పిండి కలిపాను. ఓవెన్ చల్లారాక పళ్లెం తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టి, పక్కన ఫైలు పెట్టాను. ముగ్గురినీ పిలిచాను.

ఆయనే మొదలుపెట్టాడు. పిల్లవాడికి ఇరవై ఆరేళ్లు, మూడుసార్లు పరీక్ష రాసినా రాలేదు, అంగడి ముందటిలా నడవడం లేదు అన్నాడు. ఇదంతా నాకు తెలిసిందే. తెలియనిది ఆ తర్వాత వచ్చింది.

“నీ చెయ్యి ఇంగ రాదని డాక్టరు ఆగస్టులోనే చెప్పినాడు. రానిదానికి నువ్వు ఎదురుచూస్తాండావు. రెండూ ఒగటేసారి చక్కబడతాయని చేసినా. నీకు అన్యాయం చేయాలని కాదు.”

ఆగస్టులో చెప్పాడట. ఆయనకు. నా చేయి సంగతి. అత్తమ్మకూ తెలుసు, ఆమె తల దించుకున్న తీరులోనే తెలిసింది. కుడి చెయ్యి రానీ, పది తింటానని చెప్పినప్పుడు కూడా ఆమెకు తెలుసు.

ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. నోరు వంకర పోతుందేమోనని భయపడ్డాను, అదీ పోలేదు. కిరణ్ వైపు తిరిగాను.

“నీ ఉద్యోగం నువ్వు తెచ్చుకో నాయనా. నాది ఖాళీగా లేదు.”

నేనేం తప్పు చేశాననో, నాయన చెబితే రాశాననో అంటాడనుకున్నాను. వాడు నేల చూస్తూ అన్నాడు:

“ఆ కాగితాలు సంచీలో పెట్టుకొని అవి ఎట్ల తినేది మా? డబ్బా తెరిస్తే నీ వేళ్ల గుర్తులు కనబడినాయి. మూసి పెట్టేసినా.”

తినాలనిపిస్తే తిను, నా కోసం తినొద్దన్నాను. వాడు తినలేదు. నాకు అదే నచ్చింది. అప్పటికప్పుడు ఒకటి తీసుకుని నోట్లో వేసుకుని ఉంటే ఈ రోజు వాడిని క్షమించగలిగేదాన్ని కాదు.

ఫైలులో నుంచి దరఖాస్తు ఒక్కటి తీసి నా దగ్గర పెట్టుకున్నాను. చింపలేదు. ఒంటిచేత్తో కాగితం చింపడం చూడటానికి బాగుండదు.

అత్తమ్మ, ఆడమనిషి ఇంటి పట్టున ఉంటే తప్పా అని గొణుక్కుంటూ లోపలికి వెళ్లింది. తప్పు కాదు. నేను ఉండను, అంతే.

అక్టోబర్ 3

ఇమ్మానుయేల్‌ను సూటిగా అడిగాను. అతను నా చేతిని బల్ల మీద పెట్టి, ఒక్కో వేలూ ముట్టుకుంటూ చెప్పాడు. భుజం, మోచెయ్యి ఇంకా మెరుగుపడతాయట. వేళ్లు రాతకు పనికొచ్చేంతగా రావట. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, మీ ఇంట్లోవాళ్లు చెప్పి ఉంటారనుకున్నానన్నాడు.

వెనక్కి తిప్పి చూసుకున్నాను. పేజీ పేజీకీ వేలు కదిలింది, వేలు కదిలింది. అది కదిలిందో, నేను కదిలించానో. ఆ వాక్యాలను కొట్టేయను. ఇకమీదట రాయను.

అక్టోబర్ 6

సుద్దముక్కలు తెప్పించాను. మా బీరువా తలుపు ముదురాకుపచ్చ, దాదాపు నల్లబల్లే. గుణింతాలన్నీ రాశాను. రాసిన వరుస కుడి వైపుకు పోయేకొద్దీ పైకి ఎక్కుతోంది. అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసి, లక్ష్మి ఉండే బీరువా అంది. సరస్వతి కూడా ఉంటుందిలే అన్నాను.

అక్టోబర్ 8

జావను నా చేత్తో నేనే తిన్నాను. అందరి ముందర, ఎడమ చేత్తో. అత్తమ్మ లేచి పూజగదిలోకి వెళ్లిపోయింది. వెళ్లనీ. ఆ జావ కూడా ఇదే ఆఖరు. రేపటి నుంచి నాకూ ఇడ్లీ కావాలని చెప్పాను.

అక్టోబర్ 9

డాక్టరు నా కాలు, చూపు, మాట అన్నీ పరీక్షించాడు. రాసి చూపించమన్నాడు. ఆయన చీటీల పుస్తకం మీదే నాలుగు పాదాల పద్యం రాసిచ్చాను. చదువుకుని, ఉద్యోగంలో చేరవచ్చని సర్టిఫికెట్ ఇచ్చాడు. డాక్టరుతో చెప్పాను, ఇకమీదట నా చేతి గురించి ఏదున్నా నాకే చెప్పమని. తలూపాడు.

అక్టోబర్ 12

రేపటి కోసం నలభై చేశాను. రెండు వాయిలు.

పిండి కలుపుతుంటే ఆయన వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. పద్నాలుగు రోజులుగా మా మధ్య సరిగా మాటల్లేవు. గిన్నె పట్టుకునేదా అన్నాడు. తడిగుడ్డ ఉంది, తిరగదన్నాను. అయినా వెళ్లలేదు, వాషింగ్ మిషన్‌కు ఆనుకుని చూస్తూ ఉండిపోయాడు. రేపు స్కూటర్ మీద దింపుతానన్నాడు. బస్సులో పోతానన్నాను. సరేనని, మొదటి వాయిలోది ఒకటి తీసుకున్నాడు. వేడిగా ఉంది, మెత్తగా ఉంది, చల్లారాక బాగుంటుందని చెప్పాను. చల్లారేదాకా చేతిలో పట్టుకుని నిలబడి, అప్పుడు తిన్నాడు.

 

కిరణ్ ఫీజు కట్టి మళ్లీ పరీక్షకు దరఖాస్తు చేసుకున్నాడట. వాడు నాకు చెప్పలేదు. అత్తమ్మ చెప్పింది.

అక్టోబర్ 13, సోమవారం

చంద్రగిరి బస్సులో స్రవంతి కిటికీ సీటు నాకిచ్చింది. దిగేటప్పుడు కండక్టరు బస్సును రెండు నిమిషాలు ఎక్కువ ఆపాడు. ఎవరూ విసుక్కోలేదు. విసుక్కున్నా దిగేదాన్నే.

హెడ్మాస్టరు గదిలో యోగానంద సారు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాడు, ఆరోగ్యం అడిగాడు, ఇంత తొందరగా ఎందుకమ్మా అన్నాడు. సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, డబ్బా మూత తీసి ఆయన ముందు పట్టాను. ఆయన నా చేతి వైపు చూశాడు. కుడి చేయి కొంగు కింద ఉందేమో, దాంతో ఇస్తానేమోనని చూసినట్టున్నాడు. డబ్బా కాసేపు గాల్లోనే ఉంది. బరువుగానే ఉంది. చేయి దించలేదు. చివరికి ఒకటి తీసుకున్నాడు. తిని, ఇంకొకటి తీసుకున్నాడు.

హాజరు వేసే ఫోను నా ముఖాన్ని మొదటిసారికే ఒప్పుకుంది. ఆఫీసు చూసుకునే వెంకటమునికి నా సంతకమే కుదరలేదు. చేరిక కాగితం మీద నేను చేసిన సంతకాన్ని, సర్వీసు పుస్తకంలో ఉన్నదాన్ని పక్కపక్కన పెట్టి, ఒకదానికొకటి పోలిక లేదు మేడం అన్నాడు. అవసరమైతే వేలిముద్ర తీసుకోవచ్చని కూడా అన్నాడు, మంచి మనసుతోనే. నేను ఇంకో తెల్లకాగితం తీసుకుని మూడుసార్లు సంతకం చేశాను. మూడూ ఒకే తీరుగా వచ్చాయి.

“ఇంగమీదట నా సంతకం ఇదే వెంకటమునీ. దీన్నే ఎక్కించు.”

సారు సరేనన్నాడు. వెంకటముని ఎక్కించాడు.

మూడో పీరియడ్ ఎనిమిదో తరగతి. పిల్లలు లేచి నిలబడి, కూర్చోవడం మర్చిపోయి అట్లాగే చూస్తున్నారు. కుడి చేతిని కొంగుతో దాచుకోవాలనిపించింది. దాచుకోలేదు. ఏం జరిగిందో మూడు వాక్యాల్లో చెప్పి కూర్చోమన్నాను. తర్వాత వాళ్ల వైపు వీపు తిప్పి నల్లబల్ల మీద పాఠం పేరు రాశాను. తర్వాత కొత్త మాటలు, వాటి అర్థాలు. ఎప్పుడూ పది నిమిషాల్లో అయ్యే పని ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. వెనక ఎక్కడో ఒకరు నవ్వారు, ఎవరో ఊరుకోమన్నారు. నేను తిరగలేదు. ఆఖరి మాట దాకా రాసి, అప్పుడు తిరిగాను.

ముందు బెంచీలో ఉన్న పిల్ల చేయెత్తింది.

“వరుస పైకి పోతాండాది మేడం.”

“పోనీ మా. చదివేదానికి అవుతాందా?”

ఆ పిల్ల బల్ల వైపు చూసి, పెదాలు కదిలిస్తూ పై నుంచి కింది దాకా చదువుకుంది. తొందర లేకుండా.

“అవుతాంది మేడం.”

“అయితే రాసుకోండి.”